పన్నెండో మడి పొగ గొట్టం తిరిగి ఇప్పించుట గురించి

తోటల విభాగపు అధికారి వారి సముఖమునకు,
కౌడన్‌లా టౌన్ కౌన్సిల్, డర్హమ్ జిల్లా.

అయ్యా,

(తమరి నోటీసు కింద సంతకం ఎంత ప్రయత్నించినా చదవడానికి వీలుపడలేదు. తమరు స్త్రీ అయినట్లయితే "అయ్యా" అన్నచోటల్లా "అమ్మా" అని చదువుకోగలరు.)

విషయం: కాలువగట్టు తోటల్లో, పన్నెండో నంబరు మడిలోని అద్దాల షెడ్డులో ఉన్న బొగ్గుల పొయ్యికి తమ సిబ్బంది ఊడదీసి పట్టుకుపోయిన పొగ గొట్టాన్ని, చలి ముదిరేలోపు తిరిగి ఇప్పించుట గురించి.

మూతపడిన బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాడిని, సదరు మడికి అద్దెదారుడిని అయిన విల్ఫ్రెడ్ టీస్‌డేల్ అను నేను వినయపూర్వకంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను సదరు షెడ్డులో "నివాసం ఉంటున్నట్లు" తమ నోటీసులో ఆరోపించడమైనది. ఆధారాలుగా కెటిల్, దుప్పటి, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు, తలుపు ముందు పాలవాడు పెట్టిన సీసా చూపించారు. అవన్నీ నావే, కాదనను. కానీ నేను కాపురం ఉండేది చర్చి వెనక వీధిలో, నా భార్య ఓలివ్‌తో. కావాలంటే ఆమెను విచారించవచ్చు. అయితే ఈమధ్య ఎవరు విచారించినా ఆమె, "ఆయనా? ఆయన ఇక్కడ ఉండగా నేను చూసి చాలా రోజులైందండీ" అంటోంది. అది ఎత్తిపొడుపు. దయచేసి దాన్ని వాంగ్మూలంగా నమోదు చేసుకోవద్దు.

2. సదరు షెడ్డులో నివాసం ఉంటున్నవి లీక్ ఉల్లి (గడ్డకు బదులు కాడ లావెక్కే రకం) పిలకలు. పోటీలో నిలబడ్డ ఉల్లిని మళ్ళీ పాతి పూతకు వదిలితే, దాని తలమీద గడ్డిపరకల్లాంటి పిలకలు పుడతాయి. వాటిని శీతాకాలమంతా వెచ్చగా సాకితేనే సెప్టెంబరులో మా తోటల క్లబ్బు పోటీ బల్లమీద పెట్టడానికి మనిషికి ముఖం ఉంటుంది. నా దగ్గరున్నది మా మామగారు కాక్సన్ పెంచుకుంటూ వచ్చిన వంశం. ఏ విత్తనాల కొట్లోనూ దొరకదు. ఈ ట్రేల్లో ఉన్నవి పోయాయంటే ఆయన పేరుమీద భూమ్మీద ఒక్క మొక్క కూడా మిగలదు. తమ నోటీసులో ఈ సంగతి రాయడానికి గడి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

3. పొయ్యి విషయం. గనిలో పనిచేసినందుకు నాకు బతికున్నంతకాలం బొగ్గు వస్తుంది. ఇంట్లో కౌన్సిల్‌వారే గ్యాసు పెట్టించి పాత పొయ్యి గూడు ఇటుకలతో మూసేశారు. బొగ్గు మాత్రం ఆగలేదు. వాకిట్లో గుమ్మరించి పోతారు, ఓలివ్ దాన్ని దాటుకుంటూ తిట్టుకుంటుంది. నేను ఒంటిచక్రం బండిలో వేసుకుని తోటకు తోలుకుపోతాను. సాయంత్రం పొయ్యి నిండా బొగ్గు వేసి, పైన తడి బూడిద కప్పి, గాలి తూము సన్నగా తెరిచి ఉంచితే తెల్లారేదాకా నెమ్మదిగా కాలుతుంది. గాలివాటం మారిందంటే మాత్రం భగ్గున మండి మొక్కలు వాడిపోతాయి, లేకపోతే ఆరిపోతుంది. కాబట్టి పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషికి దుప్పటి ఉండాలి. పై ఒకటవ అంశంలోని దుప్పటి ఇదే.

4. తమ తనిఖీ అధికారి హెస్లప్ గారిని నేను లోపలికి రానివ్వలేదన్నది నిజం. పైకప్పు వెలుతురుకు వదిలేసి, చుట్టూ అద్దాలన్నిటికీ మనిషెత్తున పాత పేపర్లు అంటించానన్నదీ నిజం. ఇక్కడ ఉల్లి పెంచేవాడెవడూ తన మొక్కలు పరాయివాడి కంట పడనివ్వడు. పైగా హెస్లప్ గారి తల్లి, పక్కమడి క్లిఫ్ స్టోబర్ట్‌కు సొంత చెల్లెలు. క్లిఫ్‌కు ఏటేటా మొదటి బహుమతి, నాకు రెండోది. మొదటిది సోఫానో ఫ్రిజ్జో అవుతుంది. రెండోది ఇస్త్రీ పెట్టె. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టెలకు కొదవ లేదు, అయ్యా. ఆ రోజు తలుపు దగ్గర జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు సమర్పించుకుంటున్నాను:

"టీస్‌డేల్ గారూ, ఒక్కసారి తలుపు తీయండి. అలా చూసి ఇలా పోతా."

"నువ్వు చూస్తే మీ మామ చూసినట్టే."

"నేను కౌన్సిల్ తరఫున వచ్చానండీ!"

"మొన్న ఆదివారం భోజనం ఎవరింట్లో చేశావు?"

అప్పుడాయన పైకి చూసి గొట్టం ఎన్ని ముక్కలుందో లెక్కపెట్టుకుని వెళ్ళాడు. తర్వాత మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఊడబీకించాడు.

5. "లోపల మొక్కలే ఉన్నవని కళ్ళారా చూసినవారితో సంతకం చేయించుకుని రండి" అని తమరు దయతో ఒక అవకాశం ఇచ్చారు. భార్య సంతకం చెల్లదన్నారు. తోటంతా తిరిగాను. చూసినవాడు ఒక్కడూ లేడు. ఎవరినీ చూడనివ్వలేదు కదా. పావురాలు పెంచుకునే ముసలాయన, "అబ్బే, మొక్కలా! నువ్వు దొంగసారా కాస్తున్నావనుకున్నాం విల్ఫ్. ఎప్పటికైనా ఓ గుక్క పోస్తావని చూస్తున్నాం" అన్నాడు. నా గుట్టు నేనే ఇంత గట్టిగా దాచుకుని, ఇప్పుడు నా మాట నమ్మేవాళ్ళు లేక నిలబడ్డాను.

6. (ఈ అంశంలో కోపం మీద రాసినదంతా ఓలివ్ చదివి కొట్టివేయించింది.)

రేడియోలో ఈ వారం చలి గట్టిగా ఉంటుందంటున్నారు. గొట్టం లేకుండా పొయ్యి వెలిగిస్తే పొగంతా లోపలే తిరుగుతుంది. నేను దుప్పటి కప్పుకోవడం మానేసి ట్రేల మీద కప్పాను. ఇంటి దగ్గర కెటిల్లో నీళ్ళు మరగబెట్టి తెచ్చి పక్కన పెడుతున్నాను. అంతకుమించి నాకు చేతకావడం లేదు. ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు. ఈ కాగితం ఎవరి బల్లమీద పడితే వారే నా దిక్కు గనుక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విల్ఫ్రెడ్ టీస్‌డేల్

తా.క.: ఈ అర్జీ తపాలా డబ్బాలో వేయకముందే చలి వచ్చేసింది. పొద్దున వెళ్ళి దుప్పటి ఎత్తేసరికి మొక్కలన్నీ ఉడికిన తోటకూర కాడల్లా పడి ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు. కాబట్టి పైన "చలి ముదిరేలోపు" అన్న మాట కొట్టివేయగలరు.

తలుపు మూయడం కూడా తోచక అలాగే కూర్చున్నాను. క్లిఫ్ స్టోబర్ట్ లోపలికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గడప దాటడం అదే మొదలు. టోపీ తీసి మొక్కల వంక చూశాడు.

"ఎంత పనైపోయిందిరా విల్ఫ్," అని కోటు కింద నుంచి ఒక ట్రే తీసి బల్లమీద పెట్టాడు. "వీటితో సరిపెట్టుకో."

లేత పిలకల్లోనే కనిపించే ఆ నీలపు చాయ ఆకుల్లో చూశాను. కాడ మొదలు దగ్గర ఆ లావు చూశాను. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"ఇవి మా మామవి!"

"మరెవరివనుకున్నావు? మీ ఓలివ్ ఏటా మా ఆవిడకి ఇస్తుందిగా. నీకు తెలుసనుకున్నానే!"

ఇంటికి పోయి అడిగాను. ఓలివ్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"మా నాన్నవి, నా ఇష్టం. అన్నీ ఒక్కచోట పెడితే ఒక్క రాత్రికే పోతాయని ఆయనే చెప్పాడు. పోయాయా, లేదా?"

"పోయాయి."

"స్టోబర్ట్ వాళ్ళింట్లో ఉన్నాయా, లేదా?"

"ఉన్నాయి."

"అయితే చేతులు కడుక్కుని రా, తిందువుగాని."

ఇన్నేళ్ళూ మా మామ మొక్కలే నన్ను ఓడించాయి. క్లబ్బు ఆనవాయితీ ప్రకారం, పోటీలో మొక్క ముందు పెట్టే వంశం చీటీ మీద, పిలకలు ఎవరు చేతికి ఇస్తే వారి పేరే రాయాలి. క్లిఫ్ చేతికి ఇచ్చేది వాళ్ళావిడ గనుక ఇన్నేళ్ళూ అతని చీటీ మీద స్టోబర్ట్ అనే ఉండేది. అంటే ఈ సెప్టెంబరులో కాక్సన్ ఉల్లి ముందు నేనే నా చేత్తో "స్టోబర్ట్" అని రాయాలి. దీని మీద అర్జీ పెట్టుకోవడానికి ఏ ఆఫీసూ లేదు. ఏడుపొస్తోంది, తమరికి కాక ఇంకెవరికి చెప్పను?

క్లిఫ్ ఇచ్చిన ట్రే ప్రస్తుతం మా వంటింటి కిటికీలో ఉంది. అక్కడ ఎక్కువ రోజులు ఉంచితే వెలుతురు చాలక సన్నగా సాగిపోతాయి. వాటిని షెడ్డుకు తీసుకుపోవాలి. షెడ్డుకు పొయ్యి వెలగాలి.

అద్దాల మీద పేపర్లన్నీ ఈ మధ్యాహ్నం గోకి పారేశాను. తలుపు తీసే ఉంచాను. హెస్లప్ గారిని ఎప్పుడైనా వచ్చి, ఎంతసేపైనా చూసుకోమనండి. వాళ్ళ మామకు చెప్పుకున్నా ఫరవాలేదు. వచ్చేటప్పుడు గొట్టం మాత్రం మర్చిపోవద్దనండి.