రేడియోల నీ ఛాయ్ ముచ్చట

ఎల్లక్కా,

ఇందుమూలంగ నీకు తెలియజేయునది ఏమనగా, మన ఊరి హోటల్ల ఛాయ్ గిలాసలన్నీ ఇయ్యాల్టి నుంచి ఒక్క తీరువే.

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. "మా కులపోళ్లకు హోటల్ల వేరే గిలాస ఎందుకు?" అని ఊరి రేడియోల అడిగినందుకే గదా, కమిటోళ్లు గది రాజకీయమని నీ ప్రోగ్రాం బంద్ చేసిండ్రు. మళ్ల నిన్ను మైకు ముట్టనియ్యలే.

గిప్పుడు రేడియోల పాటలేసేది నేనే గదా, నిన్న కమిటీ పెద్ద దగ్గరికి పోయి, "ఎల్లక్క పాత రికార్డింగు దొరికింది పటేలా, ఛాయ్ పెట్టుడు చెప్పింది" అన్న.

"వంటలైతె ఏసుకో" అన్నడు.

ఏసిన. "అల్లం దంచుండ్రి, పాలు పొయ్యుండ్రి. మన హోటల్ల లెక్క రెండు తీర్ల గిలాసలు పెట్టుండ్రి. అంచు పగిలింది మా కులపోళ్లకు. గట్లయితెనే రుచి."

ఊరంత నవ్వింది. చచ్చిపోయినదాని మాటను మధ్యల ఆపెటందుకు పటేలుకు చెయ్యి రాలే. పొద్దుగాల హోటలాయన తల వంచుకొని పగిలిన గిలాసలన్నీ పారబోసిండు.

మీ చెల్లె నన్ను ఆపి, "గప్పుడు అక్కకు సర్ది అయి ఉండెనా ఏందిరా, గొంతు గట్లుంది?" అన్నది.

రికార్డింగు ఏదీ లేదక్కా. ముక్కు పట్టుకొని మాట్లాడింది నేనే.