సైలు గ్లవ్

సైలూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మస్కట్‌లో మన అల్ మవాలే సైట్‌లో నేను కింది నుంచి విసిరే ఇటుకలను నువ్వు పరంజా మీద నిలబడి ఒక్కటీ జారకుండా పట్టేవాడివి. ఆ చేతులు చూసే దుబాయి బేస్‌బాల్ జట్టువాళ్లు నిన్ను జీతమిచ్చి, దగ్గరి బంతులు పట్టే ఇన్‌ఫీల్డర్‌గా తీసుకుపోయారు. నువ్వు భయపడుతుంటే పొమ్మన్నది నేనే.

రెండు సీజన్లకే మోకాలు పోయి తిరిగొస్తే, "కుంటోనికి డ్యూటీ లేదు" అన్నాడు మన మేనేజర్. ఆ దిగులుతోనే రూమ్‌లో మంచం పట్టి పోయావు. ఇవాళ అతనే, నా దగ్గరున్న నీ బేస్‌బాల్ గ్లవ్ ఆఫీసు అద్దాల బీరువాలో పెడతానని ఫోర్‌మన్‌ను పంపాడు.

"ఇయ్యరాదె కాకా, కంపెనీకి ఇజ్జత్."

"వాడు బతికున్నప్పుడు యాడ వోయిందిరా మీ ఇజ్జత్?"

ఇవ్వలేదు. దాన్ని నా చేతికి తొడుక్కుని కూర్చున్నాను. ఒక్క ఇటుక విసురు సైలూ, ఈసారి నేను పట్టుకుంటాను.