తోక లేని అంకె

మంగళవారం

నా బంగారు అక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మాది ఒకటే గది, మధ్యలో పరదా. పరదాకి అటువైపు అత్తయ్య మంచం. ఆవిడకి కళ్లు మసకే గానీ చెవులు మాత్రం పాము చెవులు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకు. నువ్వు పదో తరగతి దాకా చదివావు, నేను నాలుగుతో ఆగాను.

నా పెళ్లిలో నువ్విచ్చిన కాలిక్యులేటర్ ఇంకా పనిచేస్తోంది. దానికి వెలుతురు కావాలి కాబట్టి కిటికీ దగ్గరే నిలబడి నొక్కుతాను. అది ఇస్తూ నువ్వన్న మాట గుర్తుందా? "పది వేళ్లూ అయిపోయాక దీన్ని తియ్యవే" అన్నావు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాకు వేళ్ల మీద లెక్కే వచ్చనే కదా! గుచ్చుకుందక్కా. ఇన్నాళ్లకి చెప్తున్నాను.

మా వీధి చివర హాల్లో మంగళవారాలు ఆడవాళ్లకి ఇంటి లెక్కల క్లాసు పెట్టారు. మేడమ్ నెలకో కాగితం ఇస్తుంది. ఎడమ పక్క వచ్చినది రాయాలి. కుడి పక్క పోయినది, అంటే అద్దె, కరెంటు, బియ్యం, నూనె, అత్తయ్య మందులు, సబ్బు. అడుగున మందపాటి గీతలతో ఒక గడి, దాని పేరు మిగులు. మొదటి నెలంతా నేను వెనక వరసలో కూర్చుని నోరు విప్పలేదు. ఇస్త్రీ చేసే ఆవిడ ఉడికించింది కూడా, "ఏమ్మా, మాటలు కూడా పొదుపేనా?" అని.

ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖున ఆయన జీతం నా చేతిలో పెడతారు. నేను లెక్క కట్టి చివరి గడి పైకి చదువుతాను. "మిగులు, వెయ్యీ ఐదు వందల ఎనభై ఐదు!" నాకు అంత గొంతుందని నాకే తెలీదు. ఆయన తల వంచుకుని నవ్వుతారు. పరదా వెనకనుంచి అత్తయ్య, "బ్యాంకు మేనేజరుగారు వచ్చారు, లేచి నిలబడండర్రా" అంటుంది.

పోయిన వారం మేడమ్ నా కాగితం అందరికీ చూపించింది. సబ్బు గడిలో తొంభై ఉండేది మూడు నెలలుగా నలభైకి దిగింది. చప్పట్లు కొట్టారు. నేను ఆ గడి పక్కన 'పొదుపు' అని రాసుకున్నాను. ఎలా తగ్గించావని అడిగితే సిగ్గుపడి ఊరుకున్నాను. నిజానికి నాకూ తెలీదు.

ఆ రోజే మేడమ్ ఇంకో మాట చెప్పింది. "ఇంటి లెక్కలో గుండ్రటి అంకె కనబడితే అనుమానించండి. నిజమైన అంకెకి తోక ఉంటుంది" అని. ఇంటికొచ్చి పాత కాగితాలు తీశాను. ఆయన అచ్చాఫీసులో గంటల లెక్కన జీతమిస్తారు, ఆలస్యమైన నిమిషాలు కోస్తారు. అందుకని ఒక నెల పద్దెనిమిది వేల నాలుగు వందల ముప్పై ఆరు, ఒక నెల పదిహేడు వేల తొమ్మిది వందల యాభై ఎనిమిది. ఎప్పుడూ తోక ఉంది. తర్వాత వరసగా మూడు నెలలు, పద్దెనిమిది వేలు. పద్దెనిమిది వేలు. పద్దెనిమిది వేలు.

ఎవరో కోసేసినట్టున్నాయి అంకెలు. ఆ ముక్క ఎక్కడికి పోతోందక్కా? ఎవరికి ఇస్తున్నారు? నువ్వు లెక్కలు తెలిసినదానివి. నాకు ఒకటే తోస్తోంది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ పిట్ట


గురువారం

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. నిన్న అచ్చాఫీసుకి వెళ్లాను. చేతిలో ఏమీ లేకపోతే గేటు దగ్గర బెరుకనిపిస్తుందని, ఆయన గొడుగు మర్చిపోయినట్టుగా పట్టుకెళ్లాను. ఎండ మండిపోతోంది. వాచ్‌మన్ గొడుగు వంకా, నా వంకా చూసి నవ్వబోయి, ఆయన పేరు చెప్పగానే ఆగిపోయాడు.

"ఆయన ఇక్కడ లేడు కదమ్మా."

"టీకి వెళ్లారా?"

"మూడు నెలలైంది తల్లీ. కొత్త మిషను వచ్చింది. తొమ్మిది మందిని పంపేశారు. చేతిలో సెటిల్‌మెంట్ డబ్బు పెట్టి సంతకాలు చేయించుకున్నారు. ఇంట్లో చెప్పలేదా?"

ఎంత ఇచ్చారని అడిగాను. తొంభై వేలన్నాడు. ఆ మనిషి స్టూలు కూడా వేశాడు కూర్చోమని. నేను గొడుగు తెరుచుకుని వచ్చేశాను, నా మొహం ఎవరికీ కనబడకుండా.

కిటికీ దగ్గర నిలబడి తొంభై వేలని పద్దెనిమిది వేలతో భాగించాను. ఐదు. తోక లేకుండా ఐదు. అంటే మూడు నెలలు తినేశాం, రెండు నెలల తిండి ఉంది. ఈ భాగహారం ఆయన ఒక్కరే కూర్చుని చేసుకున్నారు. అప్పుడు తెలిసింది సబ్బు సంగతి కూడా. ఆయన చొక్కా చేతులకి సిరా మరకలుండేవి. రెండుసార్లు రుద్ది, నానబెట్టి, మళ్లీ రుద్దేదాన్ని. మూడు నెలలుగా చొక్కాలు శుభ్రంగా వస్తున్నాయి. నేను రోజూ వాటిని ఉతికి ఆరేస్తూ ఒక్కసారైనా ఆలోచించలేదు. నా మొగుడి ఉద్యోగం పోయినదానికి పొదుపు అని పేరు పెట్టి, చప్పట్లు కొట్టించుకున్నాను.

పరాయి ఆడది లేదు. అయినా మనసు తేలికపడలేదక్కా. ఈ ఉదయం ఎనిమిదింటికి డబ్బా తీసుకుని "వస్తాను, మిషను దగ్గర పని ఎక్కువుంది" అన్నారు. ఎంత మామూలుగా అన్నారనుకున్నావు! నాలుగో తరగతిది, దీనికేం తెలుస్తుంది, అంకెలిస్తే చిలకలా చదువుతుంది అనుకున్నారు. నీ మాటకి ఆయన మాటకి తేడా లేదు. నువ్వు నలుగురిలో అన్నావు, ఆయన మనసులో అనుకున్నారు.

నన్ను అడిగి ఉంటే మొదటి నెలలోనే ఖర్చు సగానికి తగ్గించేదాన్ని. అడగలేదు. అలాంటి ఇంట్లో నేనెందుకు? ఆదివారం సాయంత్రం బండికి వస్తాను. స్టేషన్‌కి బావగారిని పంపకు, నువ్వే రా. నీ ముందుగదిలో కాస్త చోటు చూడు. కుట్టుపనైనా చేసుకుంటాను, బరువు కాను.

పిట్ట


శనివారం

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు స్టేషన్‌లో నిలబడి తిరిగి వెళ్లి ఉంటావేమోనని భయం. అందుకే ఇస్త్రీ ఆవిడ ఫోన్ నుంచి కూడా కబురు చేస్తున్నాను, రాలేనని మాత్రం. మిగతాది ఇదిగో.

నీ దగ్గరికి వచ్చేసే ముందు ఆఖరి కాగితం నింపుదామని నిన్న పొద్దున్న కూర్చున్నాను. ఈసారి అన్నీ నిజాలే రాశాను. పని వల్ల వచ్చినది, సున్నా. సెటిల్‌మెంట్‌లో మిగిలినది, ముప్పై ఆరు వేలు. పైన 'తినేవాళ్లు ముగ్గురు' అని ఉంటుంది. ముగ్గురు కొట్టేసి ఇద్దరు అని రాశాను. మడత పెట్టి ఆయన లంచ్ డబ్బా మూత లోపల పెట్టాను. నోటితో చెప్పలేనిదాన్ని కదా.

మధ్యాహ్నం రెండింటికి ఆయన వచ్చేశారు. పెళ్లయ్యాక పనిరోజు ఆ వేళప్పుడు ఆయన్ని ఇంట్లో చూడటం అదే మొదలు. చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమిట్రా ఇంత తొందరగా? మిషను ఆగిపోయిందా?" అంది అత్తయ్య పరదా వెనకనుంచి.

"ఆగిపోయిందమ్మా. మూడు నెలలైంది."

పరదా వెనక మంచం కిర్రుమంది.

ఆయన కాగితం నా ముందు పెట్టారు. అది తడిగా ఉంది. డబ్బా ఆవిరికో, మరి దేనికో. "ఎప్పట్నుంచి తెలుసు?" అన్నారు.

"చొక్కాలు తెల్లగా అయినప్పట్నుంచి తెలియాల్సింది. మొన్న తెలిసింది. నాకెందుకు చెప్పలేదు? నాకు లెక్కలు రావనేనా?"

ఆయన అప్పుడు చెప్పులు విప్పారు. తర్వాత అన్నారు, "నువ్వు ఈ ఇంట్లో పెద్దగా మాట్లాడేది నెలకి ఒక్కసారి. ఆ చివరి గడి చదివేటప్పుడు. ఆ గడిలో నువ్వు సున్నా చదవడం వినలేకపోయాను."

పొద్దున్నే వెళ్లి పని అడిగేవారట. దొరకనప్పుడు స్టేషన్ పక్కన పేపర్లు చదివే గదిలో కూర్చునేవారట. కొన్ని రోజులు మార్కెట్లో పెట్టెలు దింపారట. ఆ చిల్లర ఒక సీసాలో దాచి, ఇంట్లో ఇస్తే ఎక్కడిదని అడుగుతానని ఇవ్వలేదట. భుజం చూపించమన్నాను. చూపించలేదు.

నేను సర్దిపెట్టుకున్న బ్యాగు గోడ పక్కనే ఉంది, ఆయన చూశారు కూడా. చూసి, కాగితం మీద వేలు పెట్టారు.

"ఇక్కడ లెక్క తప్పింది."

నాకు ఒళ్లు మండింది. "ఏది తప్పు?"

"పైన ఇద్దరని రాశావు. బియ్యం, నూనె, గుడ్లు ముగ్గురికే వేశావు."

వంగి చూశాను. నిజమే. పైన ముగ్గుర్ని కొట్టేసిన చెయ్యే కింద మొత్తం ముగ్గురికీ కొలిచి వేసింది. నేను గమనించనేలేదు. రెండుసార్లు కూడి సరిచూసుకున్నాను కూడా. ఆయన ఎదురుగా కూర్చుని పెన్సిలు నా వైపు జరిపారు. "ఏది దిద్దుతావో నువ్వే దిద్దు" అన్నారు. వెళ్లొద్దని మాత్రం అనలేదక్కా. అని ఉంటే వెళ్లేదాన్నేమో.

ఇద్దరు చెరిపి ముగ్గురు రాశాను.

తర్వాత సీసా బోర్లించి లెక్కపెట్టాం. వెయ్యీ మూడు వందల నలభై. ఎన్నాళ్లకో తోక ఉన్న అంకె. ముప్పై ఆరు వేలు నాలుగు నెలలు రావాలంటే నెలకి తొమ్మిది వేలే తియ్యాలి. గుడ్లు కొట్టేశాను. నూనె సగం చేశాను. మందుల దగ్గర ఆగితే అత్తయ్య అంది, "మోకాళ్ల మాత్ర కొట్టెయ్యి తల్లీ, నేను నడిచి వెళ్లాల్సిన ఊళ్లేం ఉన్నాయి." కొట్టెయ్యలేదు. ఎంత కోసినా పోయేది పదమూడు వేల నూట పదిహేను. సీసా చిల్లర కలుపుకున్నా వచ్చేది పది వేల మూడు వందల నలభై.

కిటికీ దగ్గరికి వెళ్లి నొక్కాను. అంకె ముందు చిన్న అడ్డగీత వచ్చింది. ఆ గీతని ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆయన నా వంక చూడకుండా నేల చూస్తున్నారు. నేను కాలిక్యులేటర్ పైకెత్తి పట్టుకుని, ఎప్పటి గొంతుతోనే చదివాను.

"తరుగు, రెండు వేల ఏడు వందల డెబ్బై ఐదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన తలెత్తి, "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను.

బ్యాగు ఇంకా గోడ పక్కనే ఉంది. రేపు విప్పి బట్టలు మళ్లీ లోపల సర్దాలి. నీ ముందుగది నీకే ఉంచుకో. కాలిక్యులేటర్ మాత్రం తిరిగి ఇవ్వను, పది వేళ్లూ అయిపోయాయి.

నీ పిట్ట