సుబ్బు సైగ

రమా,

నిన్న నీ సంవత్సరీకం జరిగింది. బందరు నుంచి అమ్మాయి వచ్చింది.

నెల రోజులుగా నీ తమ్ముడు ఒక సైగ చేస్తున్నాడు. మాట రాని సుబ్బుకి కాళ్లూ చేతుల్లో ఆడేది ఆ కుడిచెయ్యి ఒక్కటే కదా. గడ్డం కింద రెండుసార్లు తట్టుకుని వీధి తలుపు వైపు చూపిస్తాడు. మంచినీళ్లు ఇచ్చాను. చక్రాల కుర్చీలో వీధి చివరిదాకా తిప్పుకొచ్చాను. కాదని తల అడ్డంగా ఊపుతాడు. వాడికేం కావాలో నువ్వే చూసుకునేదానివి. నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

అమ్మాయి చెబుతుందనుకున్నాను. వాడి పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగిన పిల్ల. ఏది అడిగినా నీకంటే ముందే అందించేది.

"మావయ్యా, టీ కావాలా? మోపిదేవి గుడికి వెళ్దామా? పోనీ, నాన్న వంట బాలేదంటున్నావా?" అంది.

వంట మాటకి పకపకా నవ్వాడు. మళ్లీ గడ్డం కింద తట్టుకున్నాడు.

"చిన్నప్పుడు నాకన్నీ తెలిసేవి నాన్నా. హాస్టల్‌కి వెళ్లాక మర్చిపోయాను. అమ్మ ఉంది కదా అనుకున్నాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం గుడివాడ బస్టాండుకి వెళ్లి బస్సెక్కించి వచ్చాను.

ఇవాళ పొద్దుటి నుంచి సుబ్బు ఆ సైగ చేయలేదు. మధ్యాహ్నం అన్నం పెట్టాక నేనే గడ్డం కింద రెండుసార్లు తట్టుకుని, వీధి తలుపు వైపు చూపించి, ఏమిటని అడిగాను.

ఇక వదిలెయ్యమన్నట్టు నా చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.