కోటుకు తగిలిన రేడియేషన్

అక్కా, నేను గుండ్రాయిలా ఉన్నాను, కంగారు పడకు. రేడియేషన్ తగిలింది నాకు కాదు, నా కోటుకు.

రియాక్టరు హాల్లో మా ప్రయోగానికి ప్రమాదాలన్నీ ముందే అంచనా వేసిన ఘనుణ్ణి నేనే. ఒంటికెంత తగిలిందో కొలిచే బ్యాడ్జిని మాత్రం కోటుతో సహా పరికరం పక్కన తగిలించి భోజనానికి వెళ్ళాను. సాయంత్రం ఆ బ్యాడ్జి లెక్క చూసి నన్ను డాక్టరు దగ్గరికి పరిగెత్తించారు, ప్రయోగం ఆపేశారు. అక్కడ నిజం కక్కాను.

మా మేడమ్ ఏళ్ళ తరబడి కష్టపడి నడిపిన ప్రయోగం నా వల్ల ఆగింది. ఆవిడ మాత్రం, "పోనీలేవయ్యా, నువ్వు బాగున్నావు, చాలు. మళ్ళీ అంచనా నువ్వే వెయ్యి" అన్నారు. నాలుగు తిట్టి ఉంటే తలెత్తుకునేవాణ్ణి.

బావగారి నడుంనొప్పి తగ్గిందా? నా పాత స్వెటరు పంపు. తమ్ముడు భద్రతా నిపుణుడని వీధిలో చెప్పుకోవడం కొన్నాళ్ళు ఆపు. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు