కీర్తనపేటి, దానిలోని నూట ఎనభై ఏడు పాటలు

కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో నివసిస్తున్న, రిటైర్డ్ ఇంజనీరు, డెబ్బై మూడేళ్ళ గుడిపాటి కృపావరం అనే నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాస్తున్న వీలునామా. మతి సరిగ్గానే ఉందా అని ఎవరైనా అడిగితే, ఈ ఉదయం నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కోడ్ నుంచి మళ్ళీ కూర్చి, అంటే బిల్డ్ చేసి, అది చూపిన రెండు వందల పద్నాలుగు హెచ్చరికలనూ ఒక్కటి వదలకుండా చదివాను. మతి ఉన్నవాడు ఆ పని చేయడని మా అమ్మాయి అంటుంది, అది వేరే సంగతి.

1. ఇల్లు, కారు, బ్యాంకు ఖాతాల వివరాలు లాయర్ దగ్గరున్న ఇంగ్లీషు పత్రంలో ఉన్నాయి. అది చెల్లుతుంది, దీనివల్ల రద్దు కాదు. రెంటినీ అమలు చేయవలసింది ఆస్టిన్‌లో ఉంటున్న నా ఏకైక కుమార్తె అబిగేల్. ఈ కాగితంలో ఉన్నవి లాయర్ విలువ అడిగితే నేను నీళ్ళు నమిలిన వస్తువులు.

2. మొదటిది కీర్తనపేటి. కీర్తనల స్వరాలు రాసుకుని హార్మోనియం ధ్వనితో వినడానికి 2003లో నేనూ నా భార్య ప్రేమజ్యోతీ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి కోడ్ కూడా అందరిదీ. అందులో వినబడే హార్మోనియం ఆమెదే. ఒక్కో మెట్టూ ఆమె నొక్కుతుంటే గరాజ్‌లో కూర్చుని రికార్డు చేశాను. రేపల్లె దగ్గర వాళ్ళ అమ్మగారి ఊళ్ళో ఆడవాళ్ళు గృహ కూడికల్లో పాడుకున్న నూట ఎనభై ఏడు పాటలు ఆమెకు కంఠతా వచ్చు. కీర్తనల పుస్తకంలో అవి లేవు, ఆ ఊళ్ళో పాడేవాళ్ళూ ఇప్పుడు లేరు. వాటన్నిటినీ కీర్తనపేటి ఒక్కటే తెరవగల ఫైళ్ళలో దాచాను. తెలివి తక్కువ పని. ఆమె 2012లో ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

3. దాని ప్రస్తుత స్థితి: ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నిలబడదు, వేరేవాళ్ళు రాసిన పది పన్నెండు ప్రోగ్రాముల మీద నిలబడుతుంది. కీర్తనపేటికి ఆధారమైనవాటిలో ఏడింటిని రాసినవాళ్ళే వదిలేశారు. ఒక్కోటి కూలినప్పుడల్లా నేను ఏదో ఒక ఊతం పెడుతూ వచ్చాను. ఫిబ్రవరిలో ధ్వనిని పలికించే భాగం కూడా పోయింది. కొత్త కంప్యూటర్లలో పేటి తెరుచుకుంటుంది, స్వరాలు తెర మీద కదులుతాయి, శబ్దం రాదు. నాలుగు నెలలు తిప్పలు పడ్డాను, నావల్ల కాలేదు. ఇప్పుడది పలికేది కుట్టుమిషను గదిలోని పాత ల్యాప్‌టాప్‌లో మాత్రమే. దాని బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచింది. దాన్ని ఇంటర్నెట్‌కు కలపరాదు, అప్‌డేట్ చేయరాదు.

4. హార్మోనియం అబిగేల్‌కు. నాలుగో మెట్టు కొంచెం పట్టేస్తుంది, వేలితో మెల్లగా లేపాలి. పోయిన నెల ఫోన్‌లో "డాడీ, ఇట్స్ జస్ట్ సాఫ్ట్‌వేర్, ఇంక వదిలేయ్" అంటే కోపం వచ్చి పెట్టేశాను. అమ్మా, తప్పు నాది. తర్వాత రెండు ఆదివారాలు నీ ఫోన్ కోసం చూస్తూ చర్చికి కూడా వెళ్ళలేదు.

5. ఒహాయోలో నర్సుగా పనిచేసే రాధారాణి గారిని నేను ఎన్నడూ చూడలేదు. తొమ్మిదేళ్ళుగా పేటిలోని లోపాలు కనిపెట్టి రిపోర్టులు రాస్తున్నారు. కొన్నేళ్ళుగా నాకు ఉత్తరం రాసే మనిషి ఆవిడొక్కరే. ఒప్పుకోవలసిన మాట ఒకటుంది: కొన్ని లోపాలను కావాలనే ఆలస్యంగా సరిచేశాను, మళ్ళీ రాస్తారని. పేటికి పనిచేసినవారి జాబితాలో ఆవిడ పేరు నా పేరుకు పైన పెట్టాలి.

6. మా సంఘం కమిటీకి ఏమీ ఇవ్వడం లేదు. ప్రేమజ్యోతి హార్మోనియాన్ని పక్కన పెట్టించి ఆటోమేటిక్ తాళం వేసే కీబోర్డు కొన్నది వాళ్ళే. నా భూస్థాపన కూడికలో ఆ కీబోర్డు తబలా బటన్ ఎవరూ నొక్కరాదు.

7. అబిగేల్‌కు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇది ఎవరో ఒకరు చదివి వినిపించాలి. మా సంఘంలో చేతిరాత తెలుగును తడుముకోకుండా చదివేది ఇక్కడికి దగ్గర్లోని డబ్లిన్ ఊళ్ళో ఉండే షాలేం రాజు ఒక్కరే. ఆమె ఆయన దగ్గరకే వెళ్ళాలి. అందుకే దీన్ని తెలుగులో రాశాను. బ్రదర్ షాలేం రాజు గారూ, ఇక మీతోనే మాట్లాడుతున్నాను. ఆపకుండా చదవండి.

పదకొండేళ్ళ క్రితం మీరు ఈ పాటలన్నిటినీ ఏ ప్రోగ్రామైనా తెరవగల రూపంలోకి మార్చే కోడ్ రాసి పంపారు. మూడు నెలల శనివారాలు దానికే పెట్టారని తర్వాత తెలిసింది. "మన పాటలకు ఇది పనికిరాదు" అని ఒక్క ముక్క రాసి తిప్పికొట్టాను. అప్పటి నుంచి మన మధ్య "వందనాలు బ్రదర్" తప్ప మరో మాట లేదు. గమకాలు పోతాయని అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. మీ కోడ్‌లో గమకాలు చక్కగా వచ్చాయి.

పోయేది వేరే. పాటకు ముందు శ్రుతి కోసం పేటి ఒక "స" పలుకుతుంది కదా, రికార్డు చేసిన రోజు దాని ముందు ప్రేమజ్యోతి ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా పడింది. అది దోషమని రాధారాణి గారు రాస్తే "సరిచేయబడదు" అని గుర్తు పెట్టాను. మీ కోడ్ మార్చే రూపంలోకి స్వరాలు వస్తాయి, ఆ ఊపిరి రాదు. దాన్ని విడిగా దాచుకోవచ్చు కదా అంటారు. దాచి విన్నాను. విడిగా వింటే ఉత్త గాలి. వెనకాల పాట వస్తేనే అది ఆమె.

దానికోసం ఆమె పాటలన్నిటినీ ఒక ఉబ్బిన ల్యాప్‌టాప్‌లో బందీ చేశాను. తెలిస్తే ఆమె నా మొహం చూసేది కాదు. నిన్న మీ కోడ్ మళ్ళీ తెరిచాను. దాన్ని పేటిలో కలుపుకోవడానికి ఆమోదించే బటన్ దాకా వెళ్ళి చేయి వెనక్కి తీసుకున్నాను. కాబట్టి ల్యాప్‌టాప్, పాస్‌వర్డులు, ఆమోదించే అధికారం సమస్తం మీకు. నన్ను క్షమించి పాటలు బయటికి తీయండి. తర్వాత కీర్తనపేటిని మూసేయండి, దాన్ని ఇంకెవరూ మోయనక్కర్లేదు.

మూసే ముందు ఒక్కసారి, అబిగేల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో ఒక పాట పెట్టండి. పాటకు ముందు వినబడేది వాళ్ళమ్మ అని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీ నోటే వింటోంది.

చేతిరాత వీలునామాకు ఈ రాష్ట్రంలో సాక్షులు అక్కర్లేదని లాయర్ అన్నారు. అయినా పక్కింటివారిని పిలిచాను. ఈ ఇంట్లో మూడు కప్పుల టీ పెట్టి చాలా కాలమైంది.

ఫ్రీమాంట్, 2025 జూన్ 21, శనివారం.

(సంతకం) గుడిపాటి కృపావరం

సాక్షులు:
1. వేమూరి కృష్ణమూర్తి
2. వేమూరి దమయంతి