చివరి మూడక్షరాలు

ప్రియమైన వదినా,

నీకు మెయిలు పెడితే మీ కంప్యూటరు విభాగంలో నువ్వు పెట్టిన వడపోతే మింగేస్తుందని కాగితం మీద రాస్తున్నాను. ఈ చిన్నాసుపత్రిలో నేను తీసిన ఎక్స్‌రేలు అక్కడ మీ పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు చూడాలి కదా! వైరస్ భయమంటూ వాటిని దారిలోనే ఆపేశావు. తొడ ఎముక విరిగిన ముసలాయన పొద్దంతా బల్ల మీద మూలిగాడు. డాక్టరేమో ఫోన్లో నన్ను ఉతికి ఆరేశాడు. అసలు మనిషివేనా నువ్వు?

నీ ఆడపడుచు

ఆడపడుచు గారికి,

తిట్టడం అయిందా? మీరు ఎక్స్‌రేలన్నీ జిప్ ఫైలుగా మూటకట్టి పంపుతారే, అలాంటి ఫైళ్లలోనే వైరస్‌లు దాక్కుని వస్తాయి. ఒక్కటి దూరిందంటే ఆసుపత్రే మూతబడుతుంది. ఆగిన ఫైలు కావాలంటే ఫోన్ చెయ్యి, చూసి వదులుతాను. మన రెండు ఆసుపత్రుల డైరెక్టరుకైనా నా దగ్గర ఇదే పద్ధతి. మీ అన్నయ్య అడిగానని చెప్పమన్నాడు.

వదిన

వదినకు,

ఫోన్ చేసి చేసి నా వేళ్లు అరిగిపోయాయి, నువ్వు ఎత్తితేగా! ఇక నీ దయ అక్కర్లేదు. ఎముకల డాక్టరే ఉపాయం చెప్పాడు. ఫైలు పేరులో చివరి మూడక్షరాలు మార్చి పంపితే నీ వడపోత నోరు మూసుకుని వదిలేస్తుంది. అందుకున్నవాళ్లు పాత అక్షరాలు పెట్టుకుని తెరుస్తారు. ఇప్పుడు నర్సులతో సహా అందరం అంతే. కుళ్లుకో.

ఆడపడుచు

ఏమే,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిన్న ఎవడో దొంగ ఆ డాక్టరు పేరుతో మెయిలు పంపాడు. 'చివరి అక్షరాలు మార్చి తెరవండి' అని రాశాడు. మీకది అలవాటేగా, ఒక్కరూ అనుమానపడలేదు. రెండు ఆసుపత్రుల్లోనూ కంప్యూటర్లన్నీ చచ్చి కూర్చున్నాయి. ఆపరేషన్లు ఆగిపోయాయి. ఈ ఉపాయం ఎవరు మొదలుపెట్టారని డైరెక్టరు అడిగితే నీ పేరు రాసిచ్చాను. ఉద్యోగం పోతే నా దగ్గరికొచ్చి ఏడవకు.

వదిన

వదినగారికి,

పిలిచారు, వెళ్లాను. నన్ను తీసేస్తున్నట్టు చేత్తో రాసిన కాగితం బల్ల మీద పెట్టారు. ఎముకల డాక్టరు పక్కనే నేలచూపులు చూస్తున్నాడు. "నాకు నేర్పింది మీరేగా?" అని ఆయన్నే అడిగాను. తనకు నేర్పింది వీరేనన్నట్టు ఆయన డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరేమో, తన మనవరాలి పుట్టినరోజు వీడియో ఆగిపోతే కంప్యూటరు విభాగంలోనే ఎవరో ఈ ఉపాయం చెప్పారన్నాడు. ఎవరని అడిగాను. నువ్వట.

కాగితం చింపేశారు. నిన్నూ ఏమీ అనరులే, అంటే ఆయన వీడియో సంగతి బయటపడదూ?

ఛీ, వదినా! పెద్దాయన ముచ్చటకి దొరికిన దారి, నొప్పితో మెలికలు తిరిగే మనిషికి దొరకలేదా? పైగా అంతా తెలిసి నా పేరు రాసిస్తావా? మా ఇంటికి ఇలాంటి వదిన వచ్చిందని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను, నా మొహం! కడుపు మండిపోతోంది.

ఇకమీదట ఆగిన ఫైళ్లు వదలమని తప్ప నీకు ఫోన్ చెయ్యను. అప్పుడైనా ఎత్తు.

ఎక్స్‌రే విభాగం